వీపు వెనక ఎడమ చెయ్యి

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పలేని మనిషిని. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమస్తాను. ఆఫీసు బల్ల ముందు కూర్చున్నంతసేపూ నిజమే రాస్తాను. ఆ గుమ్మం దాటానంటే మాత్రం బల్లి మొసలి అయిపోతుంది. పలాస బజార్లో ఆటో నన్ను రాసుకుంటూ పోయిందనుకోండి, పూండి చేరేసరికి అది లారీ అవుతుంది, మా ఊరు చేరేసరికి గూడ్సు బండి అవుతుంది. మా ఆవిడ నా మాటలన్నిటినీ నాలుగో వంతు చేసుకుని వింటుంది. మీరూ అలాగే చదవండి. కాకపోతే పెంచి చెప్పడం వేరు, లేనిది పుట్టించడం వేరు. కింద రాసినదాంట్లో పెంచినవి బోలెడున్నాయి. పుట్టించింది ఒక్కటే. అదేదో చివర్న నేనే చెప్పేస్తాను.

మొన్న పొద్దున్న చొక్కా ఇస్త్రీ చేసుకుందామని ప్లగ్గు పట్టుకుని నిలబడ్డాను. ఫోను మోగింది. ఎడమ చేత్తో తీశాను. మా ఊళ్లో ముప్పై ఏళ్లకి పైగా ఇళ్లకి వైర్లు లాగిన పెద్దాయన కొడుకు.

"నాన్న ఎలిపోనాడు బావా" అన్నాడు.

ఆ మాటకి నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఎందుకంటే కుడి చేతిలో ప్లగ్గుంది, ఎడమ చేతిలో ఫోనుంది. రెండు చేతులూ పనిలో ఉన్నాయి! ఫోను మంచం మీదికి గిరాటేసి, ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టేసుకున్నాను. ప్లగ్గు గోడకి ఇంకా రెండు గజాల దూరంలోనే ఉంది. అందులో కరెంటు ఉండే వీలే లేదు. అయినా అలా నిలబడిపోయాను. ఆయన నాకు నేర్పిన చదువు అది. ఏడుపు ఆ తరవాత, ఒంటిచేత్తో ప్లగ్గు కింద పెట్టాక వచ్చింది.

ఊరంతా ఆయన్ని కరెంటు మావ అనేది. మాకు వరసకి కూడా మావే. ఆయన ఎడమ చెయ్యిని మా ఊళ్లో సగం మంది చూసి ఉండరు. కట్టుకునేది లుంగీ కాబట్టి జేబు లేదు. అందుకని ఆ చేతిని వీపు వెనక్కి తీసుకుపోయి, బొటనవేలు లుంగీ ముడిలో దోపి, తాళం వేసినట్టు ఉంచేవాడు. టెస్టరు కుడి చేత్తో, టీ గ్లాసు కుడి చేత్తో, అక్షింతలు కుడి చేత్తో. నమస్కారం కూడా ఒంటిచేత్తోనే. అరచెయ్యి గుండెకి ఎదురుగా నిలబెట్టి, మిగతా సగం మీరు వేసుకోండన్నట్టు ఊరుకునేవాడు. టెక్కలి నుంచి వచ్చిన మా మావగారు ఆ సగం నమస్కారం చూసి నొచ్చుకుని, "మీ ఊరోల్లకి మరేద కూడా సగమేనేటి?" అని మూడు నెలలు మా గుమ్మం తొక్కలేదు. (మూడు రోజులు. నెలలు నావి.)

ఆ చేతి మీద ఊళ్లో రకరకాల కథలు. ఆరో వేలుందని కొందరు, అందులో బంగారు ఉంగరం ఉంది, పెళ్లానికి చూపించడని కొందరు. నేనైతే ఆ చెయ్యి అసలు లేనే లేదని, చొక్కా చేతిలో కొబ్బరి మట్ట పెట్టుకు తిరుగుతున్నాడని ఒక వేసవంతా ప్రచారం చేశాను. చివరికి ఒకరోజు పూండి స్టేషన్ దగ్గర టీ కొట్లో అడిగేశాను.

"మావా, ఆ చెయ్యి ఎందుకలా దాచుకుంటావు?"

"దాసుకోడమేటి అల్లుడూ, దానికి సెలవిచ్చినాను."

"సెలవేమిటి?"

"కరెంటు పని ఒంటి సేత్తో సెయ్యాల. రెండు సేతులూ ఎట్టినావనుకో, అది ఈ సేతిలోంచి ఎక్కుతాది, ఆ సేతిలోంచి దిగుతాది. మద్దిలో ఏటుంది?"

నేను నా చొక్కా బొత్తాల కేసి చూసుకున్నాను.

"అదే. గుండె. దారిలో అంత పెద్ద టేసనుంటే ఆగకుండా ఎలిపోద్దేటి?"

"మరి ఇప్పుడు తాగుతున్నది టీ కదా. గ్లాసులో కరెంటుందా?"

"గ్లాసులో నేదు. అలవాటులో ఉండాల. పని కాడ గురుతెట్టుకుందాం అనుకున్నోడు పని కాడే మరిసిపోతాడు."

అని, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టబోతూ, ముందు కుడి చేతి వెనక భాగంతో ఆ బల్లని ఒకసారి తాకి చూశాడు. అది ఆయన రెండో జబ్బు. ఏ వస్తువునైనా మొదట చేతి వెనక వైపుతోనే ముట్టుకునేవాడు. ఇనప గేటు, మంచం కోడు, పసిపిల్లల బుగ్గ, పెళ్లికూతురి తల, ఏదైనా సరే. ఆశీర్వదిస్తున్నాడో, జ్వరం చూస్తున్నాడో ఎవరికీ తెలిసేది కాదు.

మేము ఇల్లు కట్టుకున్నప్పుడు వైరింగంతా ఆయనే చేశాడు. పని పూర్తయిన రోజు నన్నూ మా ఆవిడనీ గది గదికీ తిప్పి, కొత్తగా కాపరానికొచ్చిన మనుషుల్ని పరిచయం చేసినట్టు వైర్లని పరిచయం చేశాడు. నాకు అంతకుముందు కరెంటంటే మామూలు భయం. ఆ రోజునుంచి అది భక్తిలోకి దిగింది.

"ఇదిగో, ఎర్రది వొచ్చీది. నల్లది ఎనక్కి ఎల్లీది. పచ్చది కాపలావోడు. మామూలప్పుడు కాపలావోడికి పనుండదు. తొంగుంటాడు. ఎర్రది దారి తప్పి మోటారు పెట్టి మీదికో, ఇస్త్రీ పెట్టి మీదికో ఎక్కీసినప్పుడు, దాన్ని జుట్టు పట్టి బూమిలోకి లాక్కుపోతాడు. కాపలావోడు నేకపోతే ఎవుల్ని పట్టుకుంటాది?"

"ఎవర్ని?" అన్నాను.

"ముట్టుకున్నోడిని."

తరవాత మూడు కాళ్ల ప్లగ్గు మా ఆవిడ చేతికిచ్చాడు. "సూడమ్మీ, పై కాలు మిగతా రెంటి కన్నా పొడుగ్గా నేదేటి? ఎందుకంటావు? ముందు కాపలావోడు లోపలికెల్లి నిలబడాల. ఆనకే మిగతావోలు రావాల. ఆ కాలు ఇరగ్గొట్టీసి రెండు కాళ్ల బొక్కలో దోపీవోలుంటారు. అది ఇంట్లోకి దొంగని రానిచ్చి కాపలావోడి పీక కోసినట్టే."

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మా ఇంటి గోడల్లో నాలుగు వందల పాములు, ఎర్రవీ నల్లవీ, బుస కొడుతూ అటూ ఇటూ పాకుతున్నాయి. నెలరోజుల పాటు ఏ స్విచ్చీ వేలితో వెయ్యలేదు. పెన్సిలుతో నొక్కేవాడిని. అది చూసి మావ గుండె పట్టుకున్నాడు. "ఓరి నీ తెలివి తగలడా! పెన్సిలు లోపల నల్ల ముల్లుంటాదే, దాంట్లోంచి కరెంటు సుబ్బరంగా పారతాది" అన్నాడు. ఆ తరవాత నేను చెక్క గరిటెకి మారాను. వంటింట్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి, మెయిన్ బోర్డు దగ్గర మేకుకి వేలాడుతూ ఒకటి.

"ఏటండీ, ఇల్లనుకున్నారా, పెళ్లి వంటల పాక అనుకున్నారా?" అనేది మా ఆవిడ.

"నవ్వకమ్మీ," అన్నాడు మావ. "ఇంట్లో ఒక్కడైనా బయపడీవోడు ఉండాల. బయమే మొదటి ఫ్యూజు."

రెండో ఫ్యూజు అసలు ఫ్యూజే. మూడోది మెయిన్ బోర్డులో ఉండే తెల్ల స్విచ్చి. దానికి కంపెనీ వాళ్లు పెట్టిన పొడుగు పేరు ఏదో ఉంది. మావ మాత్రం ప్రాణం స్విచ్చి అనేవాడు. దాని పని చాలా చిన్నది. లోపలికి ఎంత కరెంటు వెళ్లిందో, అంతా వెనక్కి వచ్చిందా లేదా అని కాపు కాస్తుంది. ఆవగింజంత తక్కువొచ్చినా, ఆ తగ్గింది ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందని అనుమానించి, రెప్పపాటులో టక్కున పడిపోయి ఇంటికి కరెంటు ఆపేస్తుంది. దాని మీద చిన్న బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కినప్పుడు పడిపోతే బతికున్నట్టు. "పడిపోతే బతికున్నట్టు" అన్న మాట విని నాకు ఇంకో నెల నిద్ర పట్టలేదు.

ఇక కాపలావాడి సంగతి. మా ఉద్దానం నేల ఇసక. కొబ్బరికీ జీడికీ కన్నతల్లి, ఎర్తుకి సవతితల్లి. పెరట్లో గొయ్యి తవ్వి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ వేసి, పచ్చ వైరు కొస ఆ పైపుకి కట్టి ఎర్తు పెడతారు గాని, ఆ గొయ్యి తడిగా ఉంటేనే అది పనిచేసేది. ఇసకలో పోసిన నీళ్లు పోసినట్టే జారిపోతాయి. వేసవిలో ఎర్తు గొయ్యి ఎండు సముద్రం. రోజూ ఒక బిందె పొయ్యండని చెబితే ఊళ్లో ఎవరూ పొయ్యలేదట. పైపుకి నీళ్లు పోసే వెర్రివాడు ఎవడుంటాడు? అప్పుడు మావకి ఒక ఉపాయం తట్టింది. ఎవరింట్లో వైరింగు చేసినా, ఎర్తు గోతి మీద ఒక చేమ మొక్క పాతేవాడు. చేమ నీళ్ల పిచ్చిది. ఒక్కరోజు తడి తగ్గినా చెవులు వాల్చేస్తుంది. మొక్కకైతే ఆడవాళ్లు నీళ్లు పోస్తారు. మొక్క తాగగా మిగిలింది గొయ్యి తాగుతుంది. మా ఊళ్లో ఏ పెరట్లో చేమాకు కనిపించినా దాని కింద కాపలావాడు ఉన్నట్టే. ఆయన ఎవరింటికి వచ్చినా ముందు పెరట్లోకి పోయి ఆకు చూసి, ఆ తరవాతే మనుషుల ఆరోగ్యం అడిగేవాడు.

ఇదంతా ఆయన మాకు విప్పి చెప్పాడు. మేం తలలూపాం. కాలం గడిచాక మాకు మొక్క గుర్తుంది, గొయ్యి మర్చిపోయాం.

ఆ వేసవి మావ డొంకూరులో ఉన్న కూతురింటికి వెళ్లి రెండు నెలలు రాలేదు. ఎండలు మండిపోతున్నాయి. ఎన్ని నీళ్లు పోసినా చేమ వాడిపోతోంది. మా ఆవిడకి మావ వరసకి బాబాయ్, ఆయనంటే హడలు. "బాబాయ్ వొచ్చి ఈ ఆకు సూసినాడంటే నన్ను తిట్టి సంపేత్తాడండీ. స్నానాల నీళ్లు పోయే కాడికి మార్చీండి" అంది. పార పట్టుకుని తవ్వింది నేనే. మొక్కని స్నానాల గది వెనక తూము దగ్గర నాటాం. వారంలో ఏనుగు చెవులంత ఆకులు వేసింది. (పెంచలేదు. పిల్లేనుగు.) మేమిద్దరం ఎంత మురిసిపోయామో! ఆకు బాగుంది కాబట్టి ఇల్లు క్షేమం అనుకున్నాం. అవతల అసలు గొయ్యి, ఉత్త పైపు నోరు తెరుచుకుని, ఎండిపోయి పడి ఉంది.

ఆ తరవాతే ప్రాణం స్విచ్చి పడిపోవడం మొదలైంది. నీళ్ల మోటారు వేస్తే టక్. తీసి పెడితే కాసేపు ఉండి టక్. ఉక్కకి ఒళ్లు ఉడికిపోతుంటే ఫ్యాను ఆగిపోతుంది. మావకి ఫోను చేశాను.

"మోటారు లీకవుతున్నాది కావాల. నానొచ్చేదాకా మోటారు ఎయ్యకండి. బావి కాడ తోడుకోండి."

"ఎన్నాళ్లు మావా?"

"నాలుగు రోజులు. ఇంటన్నావా? ఆ సిచ్చి జోలికి ఎల్లకు. అది అరుత్తన్నాది. అరిసే కుక్కని కొడతావేటి?"

నాలుగు రోజులు! ఆ ఉక్కలో నాలుగు రోజులంటే నాలుగు యుగాలు. ఇంతలో పలాసలో ఒక కరెంటు మనిషి తగిలాడు. వాణ్ణి నేను జన్మలో మర్చిపోను. నల్ల కళ్లజోడు, ఎర్ర మోటారు సైకిలు, నోట్లో కిళ్లీ, టెస్టరుకి తాడు కట్టి మెళ్లో వేసుకున్నాడు. మా ఇంటికొచ్చి, బోర్డు మూత తీసి, అటూ ఇటూ చూసి, "ఈ సిచ్చే పాడయిపోనాది సార్. దీన్ని తప్పించీసి డైరెట్టుగా ఇచ్చీత్తే మల్లీ పడదు" అన్నాడు. నేను వద్దంటే వద్దని కాళ్లావేళ్లా పడ్డాను. వాడు వినలేదు. పైనుంచి వచ్చే వైర్లు రెండూ, కిందికి పోయే వైర్లు రెండూ ఊడబీకి, జతలు జతలుగా మెలిపెట్టి, టేపు చుట్టేసి, కళ్లజోడు సర్దుకుని వెళ్లిపోయాడు.

తరవాత స్విచ్చి పడలేదు. పడడానికి దారిలో అది ఉంటే కదా. మూడు రోజులు ఫ్యాను రాజులా తిరిగింది. దాని కింద పడుకుని, మావ ఎంత పిరికివాడో అనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం నాలుగు చినుకులు పడి వెలిశాయి. మా ఆవిడ మోటారు వేసుకుని దుప్పట్లు ఉతికింది. మా పెరట్లో బట్టలారేసే దండెం ఇనప తీగ. ఒక కొస కిటికీ ఊచకి, రెండో కొస మోటారు మీదనుంచి పైకెళ్లే ఇనప గొట్టానికి కట్టి ఉంటుంది. మా ఊళ్లో అందరి దండేలూ అలాగే ఉంటాయి. లోపల మోటారు లీకవుతోంది. ఆ కరెంటు మోటారు పెట్టె మీదికెక్కింది. పచ్చ వైరు దాన్ని లాక్కుని ఎండిన గొయ్యి దాకా వెళ్లి, దారిలేక నిలబడిపోయింది. బోర్డులో అరిచే స్విచ్చి నోరు ఎప్పుడో నొక్కేశారు. మిగిలింది దండెం. ఇదంతా నాకు తరవాత అర్థమయింది. అప్పుడు నేను వరండాలో పేపరు చదువుకుంటున్నాను.

ఒక చిన్న కేక వినిపించింది. మామూలుగా "ఓలమ్మో" అని ఊరంతా వినిపించేలా అరిచే మనిషి. ఈ కేక పూర్తి కాలేదు. మధ్యలో తెగిపోయింది.

పెరట్లోకి పరిగెత్తాను. ఆమె కనిపించలేదు. ఇసక మీద ఒక తెల్ల దుప్పటి పరిచి ఉంది. తడి దుప్పటి. దాని కింద మనిషి ఆకారం ఉంది. కదలడం లేదు.

ఇక్కడ నేనేమీ పెంచడం లేదు. పెంచడానికి నా దగ్గర మాటలు లేవు. కాళ్లు ఆమె వైపు వెళ్తున్నాయి, చేతులు ముందుకి చాచి ఉన్నాయి, రెండూ. పట్టుకుని లేపేద్దామని. ఒక్క అడుగు దూరంలో మావ గొంతు వినిపించినట్టయి, ఆగిపోయి, వెనక్కి తిరిగి బోర్డు దగ్గరికి పరిగెత్తి, మేకుకి వేలాడుతున్న చెక్క గరిటెతో మెయిన్ కిందికి కొట్టాను. మళ్లీ పెరట్లోకి వచ్చేసరికి దుప్పటి కింద నుంచి మాట వినిపించింది.

"ఏటండీ, ఈ దుప్పటి తియ్యరేటి?"

నేను దుప్పటి తీసి, ఆమె పక్కనే ఇసకలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె కుడి చెయ్యి మోచేతి దాకా మొద్దుబారిపోయి ఉంది.

"దండెం మీద దుప్పటి ఎయ్యబోతూ, బాబాయ్ సెప్పినాడు కదా అని ఆటకి ఎనక సేత్తో ముట్టుకున్నానండీ. ఇసిరి కొట్టీసినాది."

అరచేత్తో పట్టుకుని ఉంటే వేళ్లు బిగుసుకుపోయేవి. తీగ వదిలేది కాదు. మావ మా ఇంట్లో అందరికీ ఆ సంగతి చెబుతూనే ఉండేవాడు. "అనుమానమున్న వస్తువుని అసలు ముట్టుకోకండి, ముట్టుకోక తప్పకపోతే ఎనక సెయ్యి." ఆమె ఆయన్ని వెక్కిరించడానికి ఆ అలవాటు చేసుకుంది.

మావకి ఫోను చేశాను. మాట పూర్తి కాకుండానే అందుకున్నాడు.

"మెయిన్ కట్టినావా? మంచిది. అమ్మిని ఒక్కసారి మాట్టాడించు."

"బతికే ఉన్నాను బాబాయ్" అంది ఆమె.

"నవ్వుతున్నాదని ఒగ్గీకు అల్లుడూ. ఇప్పుడే పలాస తీసుకుపోయి గుండె పరీచ్చ సేయించు. నానొత్తన్నాను. ఇంట్లో ఏటీ ముట్టుకోకండి."

గుండె బాగానే ఉందన్నారు. మేం పలాస నుంచి తిరిగొచ్చేసరికి ఆయన మా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. డొంకూరు నుంచి ఆటోలు మారుతూ ఇరవై నిమిషాల్లో వచ్చేశాడు. (సరే, రెండు గంటలు.) మా ఆవిడ బుగ్గని చేతి వెనక వైపుతో తాకి, లోపలికి పంపి పడుకోమన్నాడు. ముందు పెరట్లోకి వెళ్లాడు. తూము దగ్గర నవనవలాడుతున్న చేమని చూశాడు. ఎండిపోయిన గొయ్యి చూశాడు.

"దీనికి నీలు పోసినారు. బాగుంది. బూమికి ఎవులు పోత్తారు?"

నేను బావి దగ్గర బిందె నింపుకొచ్చి ఆ గోతిలో పోశాను.

తరవాత బోర్డు దగ్గరికొచ్చి, ఒంటిచేత్తో మూత విప్పాడు. లోపలికి తొంగిచూశాడు. ప్రాణం స్విచ్చి పక్కన రెండు ముళ్లు. వాటికి చుట్టింది కరెంటు పనికి వాడే నల్ల టేపు కాదు. గోధుమరంగు వెడల్పు టేపు. పప్పు అట్టపెట్టెలకి అంటించేది. దాని మీద జీడిపండు బొమ్మ.

"ఎవుల పని ఇది?"

"పలాస నుంచి ఒకడొచ్చాడు మావా."

"పలాసోడు."

"అవును."

"పేరేటి?"

"అడగలేదు."

"టేపు ఆడే తెచ్చుకున్నాడేటి?"

నేను బోర్డు మూత అందుకుని దుమ్ము తుడిచాను. "వాడే తెచ్చుకున్నాడు" అన్నాను.

ఆయన ఆ టేపు మెల్లగా ఒలిచి, ఉండ చుట్టి, తన చొక్కా జేబులో వేసుకున్నాడు. వైర్లు విడదీసి స్విచ్చికి బిగించాడు. మెయిన్ వేసి బొత్తాం నొక్కి చూశాడు. టక్కున పడింది. మూత పెట్టాడు. మోటారు వైరు ఊడదీసి, దాన్ని బాగుచేయించే దాకా మళ్లీ కలపొద్దన్నాడు. దండెం ఇనప తీగ తెంపేసి నాచేత కొబ్బరి తాడు కట్టించాడు. అన్నీ అయ్యాక నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వీపు వెనక లుంగీ ముడిలోంచి ఎడమ చెయ్యి బయటికి తీశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి రెండు చేతులూ కలిపి, నాకు దణ్ణం పెట్టాడు.

"ఆ పలాసోడు మల్లీ అవుపిత్తే నా మాటగా సెప్పు అల్లుడూ. ముప్పై ఏళ్లుగా ఈ పని సేత్తన్నాను. ఈయేల ఏసినంత బయం నాకెప్పుడూ ఎయ్యనేదని సెప్పు. ఇంకెప్పుడూ, ఎవులింట్లోనూ అలాటి పని సెయ్యొద్దని సేతులెత్తి దణ్ణం ఎట్టినానని సెప్పు."

"చెబుతాను మావా" అన్నాను.

ఆయన్ని కరెంటు ఏమీ చెయ్యలేకపోయింది. ఉద్దానంలో ఎందరినో పట్టుకున్న కిడ్నీ జబ్బే ఆయన్నీ పట్టుకుంది. వారానికి మూడుసార్లు పలాస వెళ్లి రక్తం కడిగించుకునేవాడు. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు నేనూ వెళ్లి పక్కన కూర్చునేవాడిని. సూది గుచ్చే ముందు ఆయన నర్సుని ఆపేవాడు.

"అమ్మా, ఈ మిసనుకి ఎర్తు ఉన్నాదేటి?"

"ఉంది తాతా. వొచ్చినప్పుడల్లా ఇదే అడుగుతావేటి?"

"నువ్వు వొచ్చినప్పుడల్లా ఇదే సూదెడతావు కదేటి."

తరవాత కుడి చేతి వెనక వైపుతో ఆ మిషను పక్కని తాకి చూసి, సరేననేవాడు. సూది గుచ్చేది ఎడమ చేతికే. కుడిచేతి పని మానకుండా ఉంటుందని డాక్టర్లు ఎడమ చెయ్యి ఎంచుకున్నారట. దిండు మీద చాపి పెట్టిన ఆ చేతిని నేను అక్కడే సరిగ్గా చూశాను. ఆరో వేలు లేదు, ఉంగరం లేదు. ముసలి చెయ్యి, ఉబ్బిన నరం.

"ఎంత దాసినాను అల్లుడూ! ఆకరికి ఈ సెయ్యే గావాలన్నారు" అని నవ్వాడు. నర్సు అటు వెళ్లాక, "ఆ పలాసోడు మల్లీ అవుపించినాడేటి?" అన్నాడు.

"లేదు మావా. ఆ పని మానేశాడు."

"నిజంగా?"

"ఒట్టు."

"అయితే మంచోడే" అని కళ్లు మూసుకున్నాడు.

మొన్న వాళ్లింటికి వెళ్లేసరికి చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. ఎవరో ఆయన రెండు చేతులూ గుండె మీద కలిపి పెట్టి, మధ్యలో బంతిపువ్వు ఉంచారు. ఒకటి తీసేయండర్రా, రెండూ కలపకండి అని అరవబోయాను. పరువు కోసం ఆగాను. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడి చేతి వెనక వైపుతో ఆయన బుగ్గ తాకాను. చల్లగా ఉంది. ఆఖరి దణ్ణం కూడా ఒంటిచేత్తోనే పెట్టాను. ఎవరో "పొగరు సూడు" అన్నారు. మా వీధి వాళ్లు మాత్రం ఏమీ అనలేదు. అప్పటికే నలుగురైదుగురు అలాగే పెట్టి ఉన్నారు.

ఇక మాట ప్రకారం ఒప్పుకోలు. నాలుగు వందల పాములు పెంచినవి. నిద్రలేని నెలలు రోజులు. కొబ్బరి మట్ట సంగతి నేను పుట్టించిందే గాని, అది అక్కడే చెప్పేశాను కాబట్టి లెక్కలోకి రాదు. ప్రాణం స్విచ్చి, చేమ మొక్క, ఎండిన గొయ్యి, తెల్ల దుప్పటి అన్నీ జరిగినవే.

పుట్టించింది ఆ పలాసవాడిని. వాడు లేడు. నల్ల కళ్లజోడు లేదు, ఎర్ర బండి లేదు, కిళ్లీ లేదు. ఒక మధ్యాహ్నం మా ఆవిడ నిద్రపోతుండగా, మెయిన్ కట్టేసి, స్టూలెక్కి, ఆ వైర్లు ఊడబీకి మెలిపెట్టింది నేనే. రెండు చేతులతో. ఉక్కపోస్తోందని. టేపు మా ఆఫీసుది. మావ ఆ టేపు చూసిన క్షణంలోనే ఆయనకి తెలిసిపోయింది. ఆ దణ్ణం పెట్టింది నాకే. ఆ తరవాత ఇన్నేళ్లూ, సూదులు గుచ్చించుకుంటూ కూడా, ఆయన నన్ను ఒక్క మాట అనకుండా పలాసవాడి క్షేమమే అడిగాడు.

మా ఆవిడకి ఇది తెలియదు. నేను రాసిన ప్రతిదీ మొదట చదివేది ఆమే. ఎప్పటిలాగే నాలుగో వంతు చేసుకుని చదువుతుంది. ఈ ఒక్కదాన్నీ ఎలా తగ్గించుకుంటుందో నాకు తెలియడం లేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అడుగులు ఇటే వస్తున్నాయి. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టేసుకున్నాను.